తలపాగాలు మార్చిన పైడమ్మ

విరూపగిరి రాజ్యంలో తోలుబంతి ఆట పెద్ద వ్యాపారం. గెలిచిన జట్టుకు ఏడాదంతా రాజుగారి కొలువు, ఓడిన జట్టుకు ఇంటిదారి. ఎర్ర తలపాగాల జట్టు సేనను నడిపే దళవాయి రుద్రప్పది. ఆటలో తీర్పరి ఆయన బావమరిది. ఇక ఓడేదెవరో వేరే చెప్పాలా?

ఆ ఏడు ఆఖరి ఆటలో ఎర్రవాళ్లు ఎదుటి పచ్చ తలపాగాల జట్టును మోకాళ్ల మీద తన్నారు. తీర్పరి ఆకాశం చూశాడు. పచ్చ తలపాగావాడు తుమ్మినా తప్పేనని బూర ఊదాడు. సగం ఆట అయ్యేసరికి, పచ్చ జట్టు బట్టలుతికే పైడమ్మ కొడుకు, ఆ జట్టు ఆటగాడే, కాలు విరిగి గట్టున పడి ఉన్నాడు. ఆవిడ తిన్నగా రాజు ముందుకెళ్లింది.

"ప్రభూ, సగం ఆటకి జట్లు వైపులెందుకు మారతాయి?"

"నేల ఒకపక్కకి వాలితే, ఆ కష్టం ఇద్దరికీ సమంగా ఉండాలని."

"అయితే తలపాగాలూ మార్పించండి. వాలేది నేలొక్కటేనా?"

రాజు దళవాయి వైపు చూశాడు. వద్దంటే దొరికిపోతాడు.

"మార్చుకోమనండి, నాకేం," అన్నాడు దళవాయి.

తీర్పరికి ముఖాలు చూసే అలవాటు ఎన్నడూ లేదు, రంగు చూసి ఊదడమే. పచ్చ తలపాగాతో దళవాయి మనిషి బంతి అందుకోగానే ఊదాడు. మళ్లీ అందుకుంటే మళ్లీ ఊదాడు. దళవాయి ఉండబట్టలేక లేచి అరిచాడు.

"ఒరే గుడ్డి వెధవా, ఇప్పుడు పచ్చవాళ్లే మనవాళ్లురా."

పైడమ్మ రాజుకి దండం కూడా పెట్టలేదు.

"విన్నారుగా ప్రభూ. నా కొడుకు కాలు విరిగినప్పుడు ఊదని బూర, ఇప్పుడు ఊదించండి."