బంగారు కుండీలో పొగాకు మల్లె

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమో అడక్కండి, పేరు చెబితే నాకు తుమ్ములొస్తాయి, ప్రచండకేతు అనే మహారాజు ఉండేవాడు. పూటకు పదిసార్లు ముక్కుపొడి పీల్చందే ఆయనకు ఏ తీర్పూ తోచేది కాదు.

ఒకనాడు ఆయన పల్లకీ పొగాకు చేను గట్టున పోతోంది. మొక్కల మొదళ్ళలో తెల్లగా, నీలంగా పూలగుత్తులు! ముత్యాలు అనే రైతమ్మ గుడ్డపీలికను వేపనూనెలో ముంచి, ఒక్కో గుత్తి మీద చుక్క పిండుతోంది. నిన్న చుక్క పడినవి అప్పటికే నల్లగా మాడిపోయాయి.

"ఆపు! పూలను చంపుతావా?" అని గర్జించాడు రాజు.

"పువ్వు కాదు దొరా, పొగాకు మల్లె. దీని సంగతేంటంటే..."

"నాకే చెబుతావా! ఆకు లేదు, ఎండకు చెయ్యి చాచదు, ఎంత దర్జా! నేటి నుంచి ఇదే మా రాజపుష్పం. ఈ మోటాకులన్నీ పీకేసి పూలకు చోటివ్వండి!"

ముత్యాలు లబలబలాడింది. ఏడాది తిండి ఆ చేనే మరి! వెనకే వస్తున్న విదూషకుడు కోనప్ప కాళ్ళు పట్టుకుంది.

"అయ్యా, అది నా పొగాకు వేళ్ళు పీల్చి బతికే దొంగది! సొంతంగా గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు!"

ఓహో, అలాగా అనుకున్నాడు కోనప్ప. పరుగున పల్లకీ ముందుకెళ్ళాడు.

"ప్రభూ, రాజపుష్పం చేలో ఉండటమేమిటి, అప్రతిష్ఠ! బంగారు కుండీలో సింహాసనం పక్కన నిలపండి. వారం రోజులు తలెత్తుకు నిలబడితే చాలు, చేను నేనే పీకుతాను. అందాకా చేనును ఎవరూ ముట్టొద్దు."

రాజు ఉబ్బిపోయి సరేనన్నాడు. గుత్తిని తవ్వి తెచ్చారు. పన్నీరు పోశారు, పాలు పోశారు, వీణ కూడా వాయించారు. మూడోనాటికి అది కుండీ అంచు మీద వాలిపోయింది. నాలుగోనాటికి చీపురుపుల్ల!

"ఎందుకు చచ్చిందిరా?" అని అరిచాడు రాజు.

"ఆకలికి, ప్రభూ! పక్కన పొగాకు మొక్క లేదుగా, ఎవరి వేరు పీల్చాలి? చేను పీకిస్తే పూలన్నీ ఇంతే. పొగాకే లేకపోతే ఆపైన తమ డబ్బీలో ముక్కుపొడీ ఇంతే."

"ఛీ! ఇంకొకరి కష్టం మీద బతుకుతూ అంత దర్జానా?" అనేశాడు రాజు.

రాజు తన సింహాసనం కేసి చూసుకున్నాడు, చేతిలోని డబ్బీ కేసి చూసుకున్నాడు.

"ఆ మాట నేననలేదు ప్రభూ," అన్నాడు కోనప్ప చేతులు కట్టుకుని.

రాజుకు ముందు తుమ్మొచ్చింది, వెనకే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వి, బంగారు కుండీ కోనప్పకిచ్చేశాడు. ముత్యాలుకు పది కుండల వేపనూనె ఇప్పించాడు. అంతటితో ఆగాడా? మర్నాడు జరీ పంచె ఎగ్గట్టి తానే చేలోకి దిగాడు.

"పువ్వు మీద దొరా, నా కాలి మీద కాదు!" అని ముత్యాలు కేకలేస్తుంటే, మహారాజు సాలు పొడుగునా తుమ్ముకుంటూ చుక్కలు వేశాడు.