నొప్పులు లేని వార్డు

ప్రొఫెసర్ కృపామణి గారిని గదిలో ప్రశ్న అడిగితే గదిలో జవాబు రాదు. ఆవిడ కళ్లజోడు తీసి కోటు జేబులో పెట్టుకుని, "పద, వార్డుకి పోదాం" అంటారు. నర్సింగులో డాక్టరేటు చేద్దామని ఆవిడ దగ్గర చేరినవాళ్లకి పుస్తకాలకన్నా ముందు చెప్పులు అరుగుతాయి.

ఒకనాడు ఉదయం సులోచన ఒక ఉత్తరం పట్టుకుని వచ్చింది. సర్జరీ వార్డులో పద్దెనిమిదేళ్లు పనిచేసిన మనిషి. ఆపరేషన్ అయిన ముసలమ్మల బాధ తగ్గించడం మీద ఆమె పరిశోధన. ఆమె తయారుచేసిన ప్రశ్నపత్రం పట్టుకుని జూనియర్ నర్సులు మూడు నెలల్లో నూట ఇరవై మందిని అడిగారు. ఇంచుమించు అందరూ నొప్పులు లేవు, లేవు అనే చెప్పారు.

"మేడమ్, ముఖం చూస్తే ఎవరికెంత బాధగా ఉందో నాకు తెలిసిపోతుంది. కాగితమేమో లేదంటోంది. తెలిసిన పని చేసుకోక ఈ డాక్టరేటు నాకెందుకు చెప్పండి? మానేస్తాను, సంతకం పెట్టండి."

ఇంట్లోవాళ్లని ఒప్పించి, చేతికందిన ప్రమోషన్ వదులుకుని మరీ చేరిన చదువు అది.

కృపామణి గారు కళ్లజోడు తీశారు.

వార్డులో ఏడో మంచం పైడమ్మది. డెబ్బై ఏళ్లుంటాయి, పొట్ట ఆపరేషన్ అయి మూడు రోజులు. కొత్తగా చేరిన నర్సు పత్రంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. "అమ్మా, మీకు ప్రస్తుతం నొప్పులు ఉన్నాయా?"

పైడమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసింది. "ఈ వయసులో నాకు నొప్పులేటి తల్లీ? మా ముసిలోడు పోయి పదేళ్లయింది."

వార్డంతా గొల్లుమంది. పైడమ్మ కూడా నవ్వబోయి పొట్ట పట్టుకుంది. సులోచన ఒక్క అంగలో మంచం దగ్గర వాలింది.

"సలుపుతోందా పెద్దమ్మా?"

"సలుపు కాదమ్మా, పోటు. కుట్ల కాడ పొద్దున్నుంచీ ఒకటే పోటు."

మందు పడ్డాక పైడమ్మ ముఖం తేటపడింది. పత్రంలో మాత్రం 'లేవు' అని అప్పటికే రాసేసి ఉంది.

సులోచన ఆ పత్రం అందుకుని, సిగ్గుపడి, తనూ నవ్వేసింది. ఉత్త 'నొప్పులు' అంటే కాన్పు నొప్పులేనని ఏ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. డిక్షనరీ ముందేసుకుని ఆ ప్రశ్నని తెలుగు చేసింది తనే. మంచం దగ్గర నిలబడి ఇన్నేళ్లలో ఒక్కసారైనా అలా అడిగి ఎరగదు.

"నేనుంటే అలా అడగను మేడమ్."

"నువ్వు సెలవు పెట్టిన రోజున పైడమ్మకి పోటు రాదా?"

సులోచన కిటికీ గట్టు మీద ఉత్తరాన్ని తిరగేసి, వెనక తెల్లగా ఉన్న వైపున రాయడం మొదలుపెట్టింది. పోటు. సలుపు. మంట. తీపు. "లాగుడు కూడా రాయమ్మా, నాకదే" అంది పక్క మంచం ఆవిడ. మూడో మంచం నుంచి ఇంకో మాట వచ్చింది, ఆ వెనకే మరోటి. ఎవరి బాధ పేరు వాళ్లు పోటీపడి చెబుతుంటే సులోచనకి చెయ్యి ఆగలేదు. ఈ మూడు నెలల్లో మొదటిసారి ఆమెకి నిజంగా సంతోషం కలిగింది.

కాగితం అంచుల దాకా నిండాక కృపామణి గారు కళ్లజోడు పెట్టుకుని, కలం మూత తీశారు.

"సంతకం అడిగావుగా. ఏ వైపు పెట్టమంటావు?"