కాటుకమ్మ తెచ్చుకున్న చించిల్లా

కొండ వాలులో ఒక మామిడితోట. తోట నడిమధ్యన ఒక పశువుల పాక, పాక గోడనానుకుని ఒక కోళ్ళగూడు. ఆ గూటికి తలుపు ఊడిపోయి చాలాకాలమైంది. తోట యజమాని రేపు బిగిస్తా, మాపు బిగిస్తా అంటూనే ఉన్నాడు. ఈలోపు తలుపు చేయాల్సిన పని కాటుకమ్మ చేస్తోంది.

కాటుకమ్మ అంటే పాకలో ఉండే గేదె. రాత్రిళ్ళయితే కావలివాడూ, వాడి కుక్కా తోటలోనే పడుకుంటారు కాబట్టి భయం లేదు. మిట్టమధ్యాహ్నం వాళ్ళిద్దరూ అన్నానికి ఊళ్ళోకి పోతారు. సరిగ్గా అప్పుడు కాటుకమ్మ మేత ముగించుకుని వచ్చి గూటి ముందు అడ్డంగా పడుకునేది. లోపల పెట్టకోడి చుక్కమ్మ రెక్కల కింద పిల్లల్ని పెట్టుకుని నిశ్చింతగా కునుకు తీసేది.

కాటుకమ్మకి అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆమె దూడ పెద్దదై పక్క ఊరివాళ్ళ చేతికి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ ఆమె దూడను కట్టిన గుంజని నాకుతూ కూర్చునేది.

"వదినా, ఆ గుంజకేమైనా ఉప్పుందా ఏంటి?" అని అడిగింది చుక్కమ్మ ఒకరోజు.

"ఉప్పూ లేదు, పాడూ లేదు. నాలుక ఊరుకోవడం లేదు."

"అయితే చిన్న ప్రాణి దేన్నైనా పెంచుకోరాదూ? నీకూ పొద్దుపోతుంది."

"నేనూ అదే అనుకుంటున్నా. ఉడుత ఎలా ఉంటుందంటావు?"

"దానికి కాలు నిలవదు. నువ్వు పేరు పెట్టేలోపు పది కొమ్మలు దాటేస్తుంది."

"పోనీ కుందేలు?"

"మొన్న ఒకటి వచ్చిందిగా! నువ్వు తుమ్మిన తుమ్ముకి కొండెక్కి ఇంకా దిగలేదు."

"ముంగిస?"

చుక్కమ్మ ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. "ముంగిసా! నా గుడ్లు దానికి పలహారం పెడదామనుకున్నావా వదినా? నాతో మాట్లాడకు పో!"

కాటుకమ్మ నవ్వి ఊరుకుంది. ఈ మాటలన్నీ కంచె అవతల పొదలో నక్కిన నరసప్ప విన్నాడని ఆమెకేం తెలుసు? నరసప్ప ఆ కొండమీది నక్క. ఆ గూటి మీద వాడి కన్ను ఇవాళ్టిది కాదు.

మర్నాడు పొద్దున్నే నరసప్ప నోట ఒక వెదురుబుట్ట కరుచుకుని కంచె దగ్గరికొచ్చాడు. బుట్ట దించి, నాలుగడుగులు వెనక్కి వేసి, వినయంగా తల వంచాడు.

"అక్కా, భయపడకు. దూరంగానే నిలబడతా. నీకోసం ఒకటి తెచ్చా, చూడు."

కాటుకమ్మ బుట్టలోకి తొంగిచూసింది. లోపల బూడిదరంగు ఉండ ఒకటి ఒణుకుతోంది. ఎలుక మూతి, గుండ్రటి పెద్ద చెవులు, ఉడుతకున్నట్టు కుచ్చుతోక. ఒళ్ళంతా పింజిన దూదిలాంటి బొచ్చు.

"ఏంట్రా ఇది?"

"చించిల్లా అంటారక్కా. సముద్రాలకవతల కొండల్లో పుట్టే జాతి. పక్కనున్న అతిథిగృహానికి పట్నంవాళ్ళు తెచ్చుకున్నారు. మోజు తీరగానే గేటు బయట వదిలేసి కారెక్కి పోయారు. నాకు చూడగానే మనసు కరిగిపోయింది. ఈ చుట్టుపక్కల ఇంత అపురూపమైన ప్రాణి ఇంకెవరి దగ్గరా లేదు. నీలాంటి తల్లి దగ్గరుంటే బతుకుతుందని తెచ్చా."

"నీకు మనసు కూడా ఉందా?" అంది గూట్లోంచి చుక్కమ్మ. "వదినా, వాడు తెచ్చింది ఏదైనా సరే, తీసుకోవద్దు."

"చూశావా అక్కా, మంచి చేయబోయినా మాట పడాల్సిందే," అని నరసప్ప కళ్ళు తుడుచుకున్నాడు.

కాటుకమ్మకి ఇద్దరి మాటలూ వినపడలేదు. ఆమె మూతి దించగానే ఆ ప్రాణి భయంభయంగా మీసాలు ఆడించింది. ఆ వెచ్చటి ఊపిరి ముట్టెకి తగిలింది. అంతే, తనకి దూడ పుట్టిన రోజు గుర్తొచ్చింది. ఇంకేం ఆలోచిస్తుంది?

"ఎలా పెంచాలి దీన్ని?" అని అడిగింది.

నరసప్ప గొంతు సవరించుకున్నాడు. "చాలా తేలికక్కా. దీనికి నీళ్ళంటే ప్రాణం. రోజూ ఎండ నడినెత్తికొచ్చాక కొండకింది మడుగుకి తీసుకెళ్ళి, పొద్దువాలేదాకా బాగా నానబెట్టు. తిండికి తియ్యటి మామిడిపండు పెట్టు. ఇంకోమాట, దీనికి మన భాష రాదు. ఏమీ అడక్కు, బెదిరిపోతుంది. నీకు తోచినట్టు ప్రేమగా చూసుకుంటే చాలు."

కాటుకమ్మకి ఆ మాటలు తేనెలా ఉన్నాయి. మడుగులో నానడం కంటే సుఖం లోకంలో ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. తనకిష్టమైందే దానికీ ఇష్టమైతే ఇంకేం కావాలి? ఆ ప్రాణికి దూది అని పేరు పెట్టుకుంది.

ఆ రోజునుంచి మధ్యాహ్నం కాగానే దూదిని వీపు మీద ఎక్కించుకుని మడుగుకి బయల్దేరేది.

"వదినా, మా సంగతేంటి?" అని చుక్కమ్మ అడిగితే, "ఇదిగో, ఇప్పుడే వచ్చేస్తాగా!" అనేది. వచ్చేసరికి పొద్దువాలేది.

దూది మాత్రం రోజురోజుకీ నీరసించిపోయింది. తడిసిన బొచ్చు సాయంత్రమైనా ఆరేది కాదు. ఒళ్ళు అట్టలు కట్టి వాసన వేసింది. మామిడిపండు తిని పొట్ట ఉబ్బింది. కొత్తచోటు కదా, బెంగ పెట్టుకుందేమో అనుకుని కాటుకమ్మ ఇంకాస్త ఎక్కువసేపు నానబెట్టింది, ఇంకో రెండు ముక్కలు ఎక్కువ పెట్టింది.

ఇంతలో ఒక సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి చుక్కమ్మ గూటి ముందు పిచ్చిదానిలా తిరుగుతోంది.

"పసుపుగాడు లేడు వదినా! కునుకు పట్టి లేచేసరికి లేడు. తోటంతా వెతికాను."

పసుపుగాడంటే ఆమె పిల్లల్లో అందరికంటే చిన్నవాడు. కంచె అవతలనుంచి నరసప్ప గొంతు వినపడింది. "అయ్యో పాపం! ఇందాక గద్ద తిరుగుతుంటే చూశానక్కా. అదే ఎత్తుకుపోయి ఉంటుంది."

"గూట్లోకి దూరే గద్దని నేనింతవరకూ చూడలేదు," అంది చుక్కమ్మ.

ఆ రాత్రి కాటుకమ్మ నెమరు వేయలేకపోయింది. తెల్లారి చూస్తే దూది ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. పక్కటెముకలు గబగబా ఎగిసిపడుతున్నాయి. కాటుకమ్మ కంగారుగా దగ్గరికి జరిగింది. దూడకి జబ్బు చేసినప్పుడు చేసినట్టే నాలుక చాపి నాకబోయింది.

"వద్దమ్మా..."

ఆమె ఉలిక్కిపడి చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

"తడపొద్దమ్మా. నీకు దణ్ణం పెడతా."

"దూదీ! నువ్వా? నీకు మాటలొచ్చా?"

"వచ్చమ్మా. మాట్లాడితే నువ్వు తొక్కి చంపేస్తావని నక్క చెప్పాడు. ఎలాగూ పోయేలా ఉన్నానని ఇప్పుడు నోరు విప్పా."

కాటుకమ్మ చాపిన నాలుక వెనక్కి తీసుకుంది. "నేను నిన్ను తొక్కుతానా? నా తండ్రీ, ఏం కావాలో చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

దూది ఆగి ఆగి చెప్పాడు. "మాది చలికొండలమ్మా. ఈ వేడికే నేను తాళలేను. మా బొచ్చు ఎంత దట్టమంటే తడిస్తే ఆరదు, లోపల కుళ్ళిపోతుంది. మేము స్నానం చేసేది నీళ్ళతో కాదు, సన్నటి మన్నులో దొర్లి. తినేది ఎండుగడ్డి. తీపి తింటే పొట్ట పాడవుతుంది. పగలు పడుకుంటాం, పొద్దువాలాక లేస్తాం."

"మరి నరసప్ప..."

"వాడు నన్ను ముందు తినబోయాడమ్మా. కరవగానే నోటినిండా బొచ్చు ఊడొచ్చింది. మా జాతికి దేవుడిచ్చిన ఉపాయం అది. వాడు ఉక్కిరిబిక్కిరై దగ్గి, దగ్గి, చివరికి నన్ను చూసి నవ్వాడు. 'నువ్వు తినడానికి పనికిరాకపోయినా, ఆ గేదెని గూటి ముందు నుంచి లేపడానికి పనికొస్తావురా' అన్నాడు."

కాటుకమ్మ మడుగు వైపు తిరిగి చూసింది. మడుగు ఎందుకో, మధ్యాహ్నమే ఎందుకో, పసుపుగాడు ఏమయ్యాడో అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నరసప్ప అబద్ధం చెప్పాడు సరే. నీళ్ళలో ఆ ప్రాణి ఒణుకుతుంటే చూసింది తన కళ్ళే కదా! చూసి కూడా ఒక్కసారి అడగలేదు.

కానీ కూర్చుని ఏడవడానికి వేళ లేదు, ఎండ ముదురుతోంది. తోట చివర ఎండిపోయిన దిగుడుబావి ఒకటుంది. దాని మెట్ల పక్కన రాతిగూళ్ళలోకి ఎండ పొరపాటున కూడా రాదు. కాటుకమ్మ దూదిని బుట్టతో సహా కొమ్ముకి తగిలించుకుని, ఏనాడూ దిగని ఆ మెట్లు ఒక్కొక్కటే తడుముకుంటూ దిగి, చల్లటి గూట్లో పెట్టింది. తన మేతలోంచి బాగా ఎండిన గడ్డి ఏరి తెచ్చింది. చెదపుట్టను కొమ్ముతో పొడిచి, మెత్తటి మన్ను గోనెపట్టామీద పోగుచేసి లాక్కొచ్చింది. దూది అందులో నెమ్మదిగా ఒక పక్కకి దొర్లాడు. తర్వాత రెండో పక్కకి.

"హాయిగా ఉందమ్మా," అన్నాడు కళ్ళు మూసుకుని.

అక్కణ్ణుంచి ఆమె నేరుగా చుక్కమ్మ దగ్గరికెళ్ళింది. జరిగింది చెప్పింది. "నీ బిడ్డ నావల్లే పోయాడు చుక్కమ్మా," అంది.

చుక్కమ్మ మిగిలిన పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. తర్వాత ముక్కుతో ఒక ఈక సర్దుకుని అంది. "నిన్ను తిట్టేది తర్వాత తిడతాను వదినా. మధ్యాహ్నం అవబోతోంది. ఇప్పుడేం చేద్దాం?"

ఏం చేయాలో ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. పిల్లల్ని పాకలోపల గడ్డివామి వెనక దాచారు. ఎండ నడినెత్తికొచ్చాక కాటుకమ్మ వీపు మీద గోనెపట్టా, దానికింద ఒక గడ్డిచుట్ట పెట్టుకుని, ఎప్పట్లాగే ఊగుతూ మడుగు దారి పట్టింది. "పద దూదీ, స్నానానికి పోదాం," అని కంచె దాకా వినపడేలా అంది. మలుపు తిరగ్గానే గడ్డిచుట్ట విదిలించేసి, పాక వెనకనుంచి చుట్టూ తిరిగొచ్చి, గోడ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడింది.

గూట్లో చుక్కమ్మ ఒక్కతే కూర్చుంది. తలుపు లేని ఆ గూట్లో, నక్క వస్తుందని తెలిసి, ఒక్కతే.

కాసేపటికి కంచె కింద ఆకులు గలగలమన్నాయి. నరసప్ప మూతి గూట్లోకొచ్చింది.

"బాగున్నావా చెల్లెమ్మా?"

"ఏం బాగులే అన్నా," అంది చుక్కమ్మ. "పిల్లలు ఆ మూల పడుకున్నారు. ఇంత తెలివైనవాడివి, గద్ద పేరు ఎలా తోచిందో నాకు చెప్పవూ?"

పొగడ్త విని నరసప్ప ఒళ్ళు మరిచిపోయాడు. గూట్లోకి పూర్తిగా దూరి, "తెలివంటావా? ఆ వెర్రి గేదెకి ఒక బొచ్చు ఉండ చేతికిచ్చి, స్నానం పేరు చెప్పి..." అని మొదలుపెట్టాడు.

గూట్లో వెలుతురు పోయింది.

"చెప్పు తమ్ముడూ, ఆగావేం?" అంది కాటుకమ్మ గుమ్మం నిండా నిలబడి. "వెర్రి గేదె కూడా వింటోంది."

నరసప్ప గిరుక్కున తిరిగాడు. ముందు గేదె, వెనక గోడ. "అక్కా, నీ దూదికోసం... బాగుందో లేదో కనుక్కుందామని..."

"అది నేను కనుక్కున్నాలే. కాస్త ఆలస్యంగా కనుక్కున్నా."

తల దించి రెండు కొమ్ముల మధ్య వాణ్ణి ఇరికించి, బయటికి లాగి, ఒక్క విదిలింపు విదిలించింది. నరసప్ప కంచె మీదుగా గాల్లో పల్టీ కొట్టి అవతలి పెంటకుప్పలో మెడదాకా దిగబడ్డాడు. అప్పుడే ఊళ్ళోంచి వస్తున్న కావలివాడి కుక్క ఆ చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది. నరసప్ప కుంటుకుంటూ, మూలుగుతూ కొండెక్కి అవతలివైపు దిగిపోయాడు. మళ్ళీ ఈ వైపు రాలేదు.

చుక్కమ్మ బాకీ ఉన్న తిట్లన్నీ ఆ సాయంత్రమే తీరిగ్గా తిట్టింది. కాటుకమ్మ తల వంచుకుని అన్నీ విన్నది. చివరికి తిట్టి తిట్టి అలిసిన చుక్కమ్మ, పిల్లల్ని తీసుకుని ఆమె పొట్ట పక్కనే ఒదిగి పడుకుంది.

దూది కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఊడిన చోట మళ్ళీ బొచ్చు మొలిచింది. పగలంతా దిగుడుబావి రాతిగూట్లో నిద్రపోతాడు. కాటుకమ్మ మధ్యాహ్నం గూటి ముందే పడుకుంటుంది. ఎంత మనసు లాగినా బావి దగ్గరికి పోదు, వాడి నిద్ర చెడగొట్టదు. పొద్దువాలి గాలి చల్లబడ్డాక బావి గట్టున నిలబడి ఒక్కసారి పిలుస్తుంది. దూది మన్ను దులుపుకుంటూ మెట్లెక్కి వచ్చి, ఆమె కొమ్ముల మధ్య కూర్చుని, ఎండు జామపుల్ల కొరుక్కుంటూ తన కొండల కబుర్లు చెప్తాడు.

"నీ కొండలు గుర్తొస్తున్నాయా నాన్నా?" అని ఆమె అడుగుతుంది.

"వస్తాయమ్మా," అంటాడు వాడు. "కానీ ఇక్కడ కూడా బతకొచ్చు. నన్ను అడిగేవాళ్ళున్నారు."

నీతి: ఒక ప్రాణిని పెంచుకోవాలనుకునేవాళ్ళు తమకేది ముచ్చటో చూసుకునే ముందు, దానికేది అవసరమో కనుక్కోవాలి.