సువ్వదీవి మాటల తోకలు

ఏడు సముద్రాలకు ఇవతల చిత్రభానుడనే రాజు ఉండేవాడట పిల్లలూ. ఆయనకు జయకేతు, వీరకేతు, మణికేతు అని ముగ్గురు కొడుకులు.

ఏడు సముద్రాలకు అవతల సువ్వదీవి. దాన్ని కరాళుడనే మాంత్రికుడు ఆక్రమించి, యువరాణి ప్రవాళికను చెరపట్టాడు. వాడి ప్రాణం వాడి కోటలోని ఒక చిలుకలో ఉంది. సువ్వభాషలో ఏం చెబితే అది చేసి తీరుతుంది ఆ చిలుక! అందుకే ఆ భాష ఎవరూ పలకకూడదని వాడు శాసించాడు.

కబురు విని అన్నదమ్ములు ఓడెక్కారు. దీవి ఒడ్డున ఒక ముసలి తాబేలు ఎదురైంది.

"మా భాషలో ప్రతి పేరుకూ తోక ఉంటుంది నాయనా. పని చేసేవాడి పేరుకు 'మి'. ఆ పని ఎవరి మీద పడుతుందో వాళ్ల పేరుకు 'టా'. ఎక్కణ్ణుంచో చెప్పాలంటే 'రో'," అంది గర్వంగా మెడ చాచి.

"తోవ అంటే రాకుమారుడు, దుంబ అంటే మాంత్రికుడు, నారె అంటే కట్టెయ్యాలి. నువ్వు చెప్పిన ఈ మూడు మాటలు చాలు, తోకలెందుకు?" అంటూ జయకేతు కోటలోకి దూసుకెళ్లాడు. "తోవ దుంబ నారె!" అని అరిచాడు.

కానీ కరాళుడి మాయవల్ల ఆ కోటలో ఏం పలికినా మాటలు తారుమారవుతాయి. "దుంబ తోవ నారె!" అని వినబడింది చిలుకకు. మాంత్రికుడు రాకుమారుణ్ణి కట్టెయ్యాలి కాబోలనుకుంది. రాతి గొలుసులు చుట్టుకుని జయకేతు రాయైపోయాడు.

వీరకేతు అవే మాటలు ఇంకా గట్టిగా అరిచాడు. వాడూ రాయైపోయాడు.

మణికేతు కళ్లు తుడుచుకుని తాబేలు ముందు కూర్చున్నాడు. "అవ్వా, తోకలు నేర్పు."

కొంగ చేపను తిన్నదని చెప్పమంటే మొదటిరోజు చేప చేతే కొంగను తినిపించాడు! తాబేలు డిప్ప అదిరేలా నవ్వింది. మూడు నెలలు అలలకు వినిపిస్తూ, మాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ సాధన చేశాడు. అప్పుడు కోటలోకి నడిచాడు.

"తోవమి దుంబటా నారె!"

"దుంబటా తోవమి నారె!" అని మోగింది కోట.

"ఇంకో రాయి!" అని కరాళుడు పకపకా నవ్వాడు.

చిలుక రెక్కలు విదిల్చింది. "ముందున్నా వెనకున్నా మి మియే, టా టాయే!" అంది. రాతి గొలుసులు కరాళుణ్ణే చుట్టేశాయి. వాడి ప్రాణం పట్టుకుని చిలుక ఆకాశంలోకి ఎగిరిపోయింది.

ఎగిరిపోతున్న చిలుకకు వినబడేలా మణికేతు రాయి పేరుకు 'రో' తగిలించి అన్నల్ని పిలిచాడు. ఇద్దరూ రాళ్లలోంచి బయటికొచ్చి తమ్ముణ్ణి కౌగిలించుకున్నారు.

చెర వీడి వచ్చిన ప్రవాళిక అడిగింది: "రాకుమారా, మా మాట ఎవరు నేర్పారు?"

"తాబేలవ్వ. తలకిందులు చేసినా చెదరని భాష మీది. ఇలాంటిది నేనెక్కడా వినలేదు."

ఆమె కళ్లు చెమర్చాయి. కోట బురుజెక్కి, తన జనాన్ని తన భాషలోనే గొంతెత్తి పిలిచింది. దీవి అంతా బదులు పలికింది.

వాళ్లిద్దరికీ ఏడు రోజులు పెళ్లి జరిగింది. అరవై ఏళ్లు చల్లగా ఏలారు. వాళ్ల ఏలుబడిలో తన మాట పలకడానికి తల దించుకున్నవాడు ఒక్కడూ లేడు.