ఏడు తొర్రలు చూసిన పాలపిట్ట

మద్దిమల అడవిలో ఒక ముసలి వడ్రంగి పిట్ట ఉండేది. ఏటా ఒక కొత్త తొర్ర చెక్కుకోవడం దాని అలవాటు. వదిలేసిన పాత తొర్రలు ఎవరు ముందు వస్తే వాళ్లవి. ఎన్నో పక్షులు దాని చలవతోనే పిల్లల్ని పెంచుకునేవి.

ఒక ఏడాది వానలకు ముందు గోరింకకూ, పాలపిట్టకూ గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది.

గోరింక మొదటి తొర్రలోకి తొంగి చూసింది. లోపల పొడిగా ఉంది. నేలకు ఎత్తుగా ఉంది. "నా మనసుకు నచ్చింది. వడ్రంగి తాత చల్లగా ఉండాలి!" అని గడ్డిపోచలు తెచ్చుకుంది.

పాలపిట్ట నవ్వింది. "ఒక్కటి చూసి ఒప్పేసుకున్నావా? ఇంత అందమైన రెక్కలున్న నాకు ఏది పడితే అది సరిపోతుందా?"

అది ఏడు తొర్రలు చూసింది. పెళ్లిచూపులకు వెళ్లిన మేనమామలా అన్నిటికీ వంకలు పెట్టింది. ఇప్పచెట్టుది వెడల్పే కానీ లోతు లేదు. తునికిచెట్టుది లోతే కానీ పొద్దుటి ఎండ రాదు. ఏడోది చూసేసరికి మొదటివి మరిచిపోయి, మళ్లీ మొదలుపెట్టింది.

"ఎంచబోతే మంచమంతా కంతలే తల్లీ! మబ్బు పట్టింది, ఏదో ఒకదాంట్లో చేరు" అంది వడ్రంగి పిట్ట.

"ఇంకొక్కసారి చూసి వస్తాను తాతా!"

ఇంతలో వాన విరుచుకుపడింది. పాలపిట్ట ఏ తొర్ర దగ్గరికి వెళ్లినా లోపల ఎవరో ఒకరున్నారు. ఒకదాంట్లో ఉడుత, ఒకదాంట్లో చిలుకలు, ఒకదాంట్లో గుడ్లగూబ. చేసేది లేక మొదటి గుడ్డు కొమ్మల సందులో పెట్టింది. గాలికి అది జారి కిందపడి పగిలిపోయింది. పాలపిట్ట గుండె పగిలేలా ఏడ్చింది.

ఆ ఏడుపు విని గోరింక వడ్రంగి పిట్టను కేకేసింది. ముసలిది తన కొత్త తొర్రలోంచి బయటికి వచ్చింది. "ఇందులోకి రా తల్లీ."

"మరి నువ్వో?"

"నాకు ముక్కుంది. ఇంకోటి చెక్కుకుంటాను."

ఈసారి పాలపిట్ట లోతు చూడలేదు, ఎండ మాట అడగలేదు. గబుక్కున దూరింది. లోపల ఒక మూల నీళ్లు కారుతున్నాయి. ఆకు అడ్డుపెట్టుకుని, అక్కడే మూడు గుడ్లు పెట్టింది.

పిల్లలకు రెక్కలొచ్చాక ముందుగా వడ్రంగి పిట్ట దగ్గరికే తీసుకెళ్లింది. "తాతకు దండం పెట్టండి. మీ ప్రాణాలు ఆయన పెట్టిన భిక్షే" అంది కళ్లనీళ్లతో.

తిరిగి వస్తుంటే చిన్నపిల్ల అడిగింది. "అమ్మా, అడవిలో అన్నిటికంటే మంచి తొర్ర మనదేనా?"

"ఏమో తల్లీ. మిగతావి ఎలా ఉంటాయో నేనెప్పుడో మరిచిపోయాను" అంది పాలపిట్ట.

నీతి: అవసరానికి సరిపోయి, మనసుకు నచ్చింది దొరికితే సంతోషంగా అందుకోవాలి. అన్నిటికంటే మంచిదాని కోసం తిరిగితే దొరికినదీ చేజారుతుంది.