పొయ్యి మీద రాజముద్ర

అనగా అనగా, మీ తాతల తాతలు కూడా ఇంకా ఉయ్యాలెక్కని కాలంలో, గురివిందగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. అక్కడ కుమ్మరి పైడమ్మ రెండేళ్లు మట్టితో కుస్తీపట్టి, సగం కట్టెలతోనే అన్నం ఉడికే పొయ్యి కనిపెట్టింది. కొండ మీది చెట్లన్నీ కట్టెలైపోతుంటే, కొండ కింది ఊట సన్నగిల్లుతోందని ఆమె దిగులు. ఊట ఎండితే ఊరంతా మూటాముల్లె సర్దుకోవలసిందే.

ఆ దేశపు రాజు మణిమంతుడికి కొత్తదనమంటే మహా ముచ్చట. కొత్త ఉపాయం ఎవరు ముందుగా వచ్చి చెబితే వారికి రాజముద్ర వేసిన రాగిరేకు ఇచ్చేవాడు. ఇక ఆ పని వారు తప్ప ఇంకెవరూ చేయకూడదు.

చలమయ్య అనే ఆయన వచ్చి, వేడి గంజిని ఊది చల్లార్చే ఉపాయం తనదన్నాడు. రేకు ఇచ్చారు. ఆ పూట నుంచీ ఊరంతా నాలుకలు కాల్చుకుంది. తరవాత బుచ్చన్న వచ్చి, దురదపెట్టిన వీపును గోకడం తన ఊహేనన్నాడు. అతనికీ రేకు దక్కింది. జనం గోడలకు వీపులు రాసుకోసాగారు. అది గోకడం కిందికి వస్తుందో రాదో తేలక తలారి తలపట్టుకున్నాడు.

మూడోవాడు కట్టెల వర్తకుడు రత్నగుప్తుడు. పైడమ్మ పెరట్లో పొయ్యిని చూసి, తిన్నగా కొలువుకెళ్లి అది తనదేనని రేకు పుచ్చుకున్నాడు. పొయ్యిలు అమ్ముకోవడానికి కాదు, దాచెయ్యడానికి. సగం కట్టెలే చాలితే అతని అంగడి గతేం కాను? సాయంత్రానికల్లా భటులొచ్చి పైడమ్మ పొయ్యిలో నీళ్లు పోశారు.

పైడమ్మ కొలువుకు పరుగెత్తింది. పొయ్యి తనదని మొత్తుకుంటే రత్నగుప్తుడు రేకు ఊపి చూపించి నవ్వాడు. ఆమె రాజు వైపు తిరిగింది.

“సరే దొరా, రేకు ఆయన దగ్గరే ఉండనివ్వండి. చట్టంలో ఒక్క మాట కలపండి చాలు. రేకు ఉన్నవాళ్లు, అడిగినవాళ్లందరికీ ఆ పని చేసిపెట్టాలి. చేయకపోతే రేకు వెనక్కివ్వాలి. ఇంకొకళ్లు చేయకూడదాయె, మరి ఎవరు చేస్తారు?”

రాజుగారి నాలుక అప్పటికే బొబ్బలెక్కి ఉంది. మాట పెగలక తల ఊపాడు.

మర్నాడు చలమయ్య గుమ్మంలో గంజి ముంతలు వరసకట్టాయి. మధ్యాహ్నానికి బుగ్గలు బూరెల్లా పొంగిపోగా, అతను రేకు తెచ్చి రాజు ముందు పెట్టేశాడు. బుచ్చన్న ఇంటి ముందు వీపులు బారులు తీరాయి. మావటి అయితే ఏకంగా ఏనుగునే తోలుకొచ్చాడు. బుచ్చన్న రేకు అక్కడే పారేసి పెరటి దారి పట్టాడు.

రత్నగుప్తుణ్ణి ఆడవాళ్లంతా చుట్టుముట్టి పొయ్యి పెట్టమన్నారు. రేకు వదలడానికి మనసొప్పక అతను మట్టి పిసికాడు. మొదటి పొయ్యి కూలింది. రెండోది పొగే తప్ప మంట ఇవ్వలేదు. మూడోది చూసి ఇంటావిడ చీపురు అందుకుంది. చివరికి మసి మొహంతో పైడమ్మ ముంగిట నిలబడి, “అమ్మా, ఈ పీడ నువ్వే పుచ్చుకో” అన్నాడు.

పైడమ్మ ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలు పెట్టింది. పొయ్యికి మానెడు గింజలు తీసుకుంది. రెండేళ్ల కష్టం ఊరికే పోతుందా మరి? పెడుతూ పెడుతూనే ఇంటివాళ్లకు పని నేర్పింది. మూడు పంటలయ్యాక రేకును తానే రాజుకు అప్పగించి, ఇక ఎవరి పొయ్యి వాళ్లే పెట్టుకుంటారని చెప్పింది. కొండ మీది మోడులు చిగురించాయి. నడివేసవిలోనూ ఊట ఆగలేదు. ఊరు కదలలేదు.

కాబట్టి పిల్లలూ, కొత్తది కనిపెట్టినవారికి ఫలం దక్కాలి. నలుగురినీ బతికించే ఉపాయాన్ని దాచిపెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు.