ఐదు అక్షరాల దారి

టీచరమ్మ ఎవరికైనా లింకు పంపవలసి వస్తే దాన్ని ఒంటరిగా పంపేవారు కాదు. ముందు ఒక మాట రాసేవారు: ఇది ఫలానా విషయం, ఫలానావాళ్ళు పెట్టినది, ఈ ఉదయం నేను తెరిచి చూశాను అని. దాని కింద చిరునామా మొత్తం, మూడు వరుసలు పట్టినా నాలుగు పట్టినా, ఒక్క అక్షరం తగ్గించకుండా పెట్టేవారు. ఆమె అసలు పేరు కాత్యాయని. ఆదోనిలో ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పి, పదవీ విరమణ తరవాత, మొగుళ్ళ చేతుల్లో దెబ్బలు తిని ఇల్లు విడిచి వచ్చిన ఆడవాళ్ళకు నీడ ఇచ్చే పని చేపట్టారు. ఆ పని నేర్చుకోవడానికి మేం ఐదుగురం ఆమె దగ్గర చేరాం. అర్జీ ఎలా రాయాలో, పోలీసు స్టేషనులో ఎలా నిలబడాలో, ఏడుస్తున్న మనిషిని ఏమి అడగకూడదో ఆమె దగ్గరే తెలుసుకున్నాం. వాదించి ఒప్పించడం ఆమెకు అలవాటు లేదు. ఏదైనా అడిగితే, జరిగినదొకటి చెప్పి ఊరుకునేవారు.

మాలో నస్రీన్ లా చదివింది. మనసులో ఉన్నది దాచుకునే పిల్ల కాదు. ఒక శనివారం మధ్యాహ్నం, టీచరమ్మ ఫోనులో అలాంటి నాలుగు వరుసల లింకు ఒకటి జాగ్రత్తగా అతికిస్తూ ఉంటే చూసి అడిగేసింది.

"దాన్ని పొట్టిగా చేసి పంపితే ఏం పోతుంది టీచరమ్మా? ఐదు అక్షరాలతో అయిపోయేదానికి ఇంత తోక ఎందుకు? చూసేవాళ్ళకి కూడా విసుగే కదా."

టీచరమ్మ ఫోను బల్ల మీద పెట్టారు. తరవాత, "ఈరమ్మ అని ఒక మనిషి ఉండేది," అని మొదలుపెట్టారు. మాలో ఎవరమూ ఆ పేరు అంతకు ముందు వినలేదు. ఆమె ఆ రోజు చెప్పినది నాకు గుర్తున్నంతవరకు ఇది.

ఈరమ్మ పత్తి మిల్లులో కూలి. మొగుడు తిక్కస్వామి అదే మిల్లులో హమాలీ. ఒకనాడు అతను ఆమె ఎడమ చెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. కూరలో ఉప్పు తక్కువైందన్నది ఆ రోజు కారణం. ఆమె విరిగిన చేతిని కొంగులో కట్టుకుని, ఆరేళ్ళ కూతురు భాగ్యను నడిపించుకుని టీచరమ్మ దగ్గరికి వచ్చింది. అప్పట్లో అలాంటి ఆడవాళ్ళ కోసం ఊరి చివర ఒక ఇల్లు తీసుకుని ఉన్నారు. మూడు గదులు, ప్రహరీ గోడ, ఇనుప గేటు. బోర్డు లేదు. ఆ ఇల్లు ఎక్కడుందో తెలిసినవాళ్ళు ఊరు మొత్తం మీద పదిమంది కూడా లేరు. తిక్కస్వామి మిల్లు దగ్గర, బస్టాండులో, ఈరమ్మ పుట్టినూరిలో వెతికాడు. టీచరమ్మ ఆఫీసుకు వచ్చి కేకలు వేసి పోయాడు. దొరకలేదు.

మొదటి నెలంతా ఈరమ్మ గోడకు ఆనుకుని కూర్చునేది. రెండో నెలలో వంటగదిలోకి వెళ్ళింది. చెయ్యి సరిగా అతుక్కోక గిన్నె పట్టు దొరికేది కాదు, మోచేత్తో ఒత్తి పట్టుకుని బొరుగులతో ఉగ్గాణి కలిపి అందరికీ పెట్టేది. మూడో నెలలో ఒకసారి దేనికో బయటికి వినపడేలా నవ్వింది. కాపలా ఉండే చాంద్‌బీ ఆ విషయం టీచరమ్మకు ఫోను చేసి మరీ చెప్పింది.

ఆ ఇంటికి వారానికి రెండుసార్లు డాక్టరమ్మ వచ్చేది. పాత డాక్టరమ్మకు బదిలీ అయి కొత్త ఆమె వచ్చింది. ఆ సందులకు పేర్లు లేవు, నోటితో చెబితే దొరికే దారి కాదు. టీచరమ్మ ఫోనులో మ్యాపు తెరిచి, ఇల్లున్న చోట గుర్తు పెట్టి, ఆ లింకు పంపారు. డాక్టరమ్మ ఫోను పాతది. లింకు సగానికి విరిగిపోయి తెరుచుకోలేదు. అప్పుడు టీచరమ్మ ప్రహ్లాదును పిలిచారు. అతను కాలేజీలో కామర్స్ చెప్పే మాస్టారు, సాయంత్రాలు ఆఫీసుకు వచ్చి ఫోన్లు, కంప్యూటరు పనులు చూసిపెట్టేవాడు. మంచివాడు, పని దొంగ కాడు.

"ఇదేమిటయ్యా కొండచిలువలాగా ఉంది. కాస్త చిన్నది చెయ్యి," అన్నారు టీచరమ్మ.

"అర నిమిషం మేడమ్," అన్నాడు ప్రహ్లాదు. ఉచితంగా లింకులు కుదించే వెబ్‌సైటు ఒకటి అతనికి తెలుసు. అంత పొడుగుదీ ఐదు అక్షరాలకు దిగింది. డాక్టరమ్మ ఇల్లు చేరింది. టీచరమ్మకు అది ఎంత నచ్చిందంటే, ఇకమీదట మన లింకులన్నీ ఇలాగే పంపు అన్నారు.

ఈ మాట చెప్పి టీచరమ్మ నస్రీన్ వంక చూశారు. "అన్నది నేనే. అతను కాదు," అన్నారు.

పది రోజుల తరవాత పట్టణంలో కంటి శిబిరం పెట్టారు. మున్సిపల్ బడిలో, ఉదయం ఎనిమిది నుంచి. ముసలివాళ్ళకు శుక్లాలు పరీక్ష చేసి ఆపరేషనుకు రాసి ఇస్తారు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ చేరవేసే పని టీచరమ్మ ఒప్పుకున్నారు. ప్రహ్లాదు బడి ఉన్న చోటు లింకు తీసి, దాన్నీ కుదించాడు. అతని ఫోనులో ఇప్పుడు రెండు పొట్టి లింకులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. రెండింటికీ ముందుభాగం ఒకటే. వెనక ఐదేసి అక్షరాలు, అర్థం లేనివి. పెద్ద లింకులైతే ఒకదానిలో బడి పేరు ఇంగ్లీషులో కనిపిస్తూ ఉండేది, రెండోదానిలో వట్టి అంకెలుండేవి. ఆరో తరగతి పిల్లాడు కూడా తేడా పట్టేవాడు. కుదించాక ఆ తేడా పోయింది.

శిబిరం రోజు తెల్లవారి ఏడింటికి అతను, "ఉచిత కంటి శిబిరం, చోటు ఇదిగో" అని రాసి, ఒక లింకు అతికించి, మూడు వందల మంది ఉన్న పట్టణం గ్రూపులో పెట్టాడు. బడి పేరు రాయలేదు, లింకులో ఉంది కదా అనుకున్నాడు. తెరిచి చూడలేదు, తను చేసినదే కదా అనుకున్నాడు. అక్కణ్ణించి అది వీధి గ్రూపులకు, కులం గ్రూపులకు, మిల్లు గ్రూపులకు పోయింది.

లింకు కుదించిన సైటులో దాన్ని ఎంతమంది తెరిచారో చూపించే ఏర్పాటు ఒకటి ఉంది. ప్రహ్లాదు గంటగంటకూ దాన్ని చూస్తూ వచ్చాడు. పదకొండింటికి ఫోను చేశాడు.

"రెండు వందల పన్నెండు మేడమ్! మన మెసేజ్ ఏదీ ఇంతమంది చూడలేదు."

టీచరమ్మ కూడా సంతోషించారు. అంతకు కాసేపటి ముందే చాంద్‌బీ ఫోను చేసి, ఎవరో ముసలాయన గేటు కొట్టి కంటి డాక్టరు ఉన్నాడా అని అడుగుతున్నాడని చెప్పింది. దారి తప్పి ఉంటాడు, బడికి పొమ్మని చెప్పమన్నారు టీచరమ్మ. ఎందుకు తప్పాడని అడగలేదు.

మధ్యాహ్నం ఒక ఆటో వచ్చి ఆ గేటు ముందు ఆగింది. అందులోంచి నలుగురు ముసలివాళ్ళు దిగారు. ఆటో అతను ఫోను చూపించి, ఇదే చోటు అని వాదిస్తున్నాడు. చాంద్‌బీ కాదు కాదంటూ ఉండగానే, లోపలినుంచి భాగ్య "అవ్వా!" అని అరుస్తూ పరుగెత్తుకు వచ్చి గేటు ఊచలు పట్టుకుంది. దిగిన నలుగురిలో ఒకామె ఉరుకుందమ్మ, తిక్కస్వామి తల్లి. రెండు కళ్ళకూ పొర కమ్మి మనుషులు నీడల్లా తప్ప కనపడరు ఆమెకు. గొంతు గుర్తుపట్టింది. ఊచల సందులోంచి చేతులు పెట్టి పిల్ల ముఖమంతా తడుముకుంది. చాంద్‌బీ పిల్లను లోపలికి లాక్కుపోయి టీచరమ్మకు ఫోను చేసింది. అప్పుడు టీచరమ్మ గ్రూపులో ఉన్న లింకు మొదటిసారి తెరిచి చూశారు. అది బడిది కాదు, ఆ ఇంటిది.

ఆ తరవాత చెయ్యగలిగినదంతా చేశారు. ప్రహ్లాదు మెసేజ్ చెరిపేశాడు. అది అప్పటికే ఎన్ని గ్రూపులకు పోయిందో ఎవరికీ తెలియదు. కుదించిన లింకు ఇంకో చోటికి తిప్పుదామంటే కుదరలేదు, పూర్తిగా తీసేద్దామంటే ఆ వీలు లేదు. ఆ సైటువాళ్ళకు రాస్తే జవాబు రాలేదు. లెక్కచూపే అంకె మాత్రం పెరుగుతూనే ఉంది. పోలీసులకు చెప్పారు. ఒక కానిస్టేబులు సాయంత్రందాకా గేటు దగ్గర నిలబడి వెళ్ళాడు. కర్నూలులో తెలిసినవాళ్ళ హాస్టలులో మూడు మంచాలు దొరికాయి. రేపు పదకొండింటికి వ్యాను వస్తుంది, అందరినీ అక్కడికి మార్చేద్దాం అనుకున్నారు.

ఉరుకుందమ్మ ఇంటికి పోయి కొడుకుతో చెప్పింది. చెడు తలపెట్టి చెప్పలేదు. సంతోషం పట్టలేక చెప్పింది. "బిడ్డ బాగుండాది నాయనా, ఒళ్ళు చేసినాది. నా చేతుల్తో తడిమి చూసినా," అంది. ఎక్కడ అని అతను అడిగాడు. ఆటో అతను పక్కవీధివాడే.

తిక్కస్వామి మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. గోడ దూకాడు. ఈరమ్మ వెనక పెరట్లో పిల్ల బట్టలు తీగ మీదినుంచి తీస్తోంది, ప్రయాణానికి సర్దుకోవాలని. ఎడమ చేత్తో పట్టు దొరకదు కనుక బట్టలు భుజం మీద వేసుకుంటోంది. చాంద్‌బీ కేకలు విని వచ్చేసరికి అతను కత్తి అక్కడే పారేసి కూర్చుని ఉన్నాడు. పారిపోలేదు. వ్యాను పదకొండింటికి సరిగ్గా వచ్చింది. ఈరమ్మను అప్పటికే ఆసుపత్రికి తీసుకుపోయారు, దారిలోనే ప్రాణం పోయింది.

టీచరమ్మ ఇంతవరకు గొంతు మార్చకుండా చెప్పారు. ఇక్కడ ఆగి, కుండలో నీళ్ళు ముంచుకుని తాగారు.

"ఆ ప్రహ్లాదు గారిని ఏం చేశారు?" అని నస్రీన్ అడిగింది.

"ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఏ సెక్షను కిందికి వస్తుందో నువ్వే చెప్పు, లా చదివావుగా," అన్నారు టీచరమ్మ. ఆ మాటలో వెటకారం లేదు. "కేసులో అతని పేరు లేదు, నా పేరు లేదు. అతను స్టేషనుకు పోయి తనంతట తానే చెప్పుకుంటే, రాసుకోవడానికి ఏముంది మాస్టారూ అని పంపించేశారు. ఆ వారమే గ్రూపులన్నీ వదిలేశాడు. ఇప్పుడు ఏదైనా చెప్పాలంటే సైకిలెక్కి మనిషి దగ్గరికే పోతాడు."

ఈరమ్మకు పదకొండో రోజు దాటాక ఉరుకుందమ్మ ఆఫీసుకు వచ్చిందట. ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. కొడుకు జైల్లో ఉన్నాడు, మనవరాలిని హాస్టలులో పెట్టారు. కళ్ళు అలాగే ఉన్నాయి. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"ఆ పొద్దు నన్ను ఆ ఇంటికాడికి రమ్మన్నది ఎవురమ్మా?"

తప్పు జరిగిన తీరంతా ఆమెకు విప్పి చెప్పడానికి టీచరమ్మ చాలా ప్రయత్నించారు. లింకు అంటే ఏమిటో, రెండూ ఒకేలా ఎందుకున్నాయో, ఎలా మారిపోయిందో. ఫోను ముట్టని మనిషికి అది ఎక్కదు. చివరికి, "నేనేనమ్మా, నేనే రమ్మన్నాను. బడికి రమ్మంటున్నాననుకున్నాను," అన్నారు.

ఉరుకుందమ్మ గొంతు వచ్చిన వైపుకు ముఖం తిప్పింది.

"యాడికి పంపుతాండావో సూడకపోతివా తల్లీ," అంది. లేచి, తడుముకుంటూ గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

నస్రీన్ కళ్ళు తుడుచుకుంది. వాదన ఇంకా పూర్తిగా వదలని గొంతుతో, "అయితే పొట్టి లింకులు అసలు వాడనే వద్దంటారా టీచరమ్మా?" అని అడిగింది.

"వద్దని నేనెప్పుడన్నాను?" అన్నారు టీచరమ్మ. "ముందు నువ్వు వెళ్ళి చూసి రా. తరవాత వాళ్ళని పంపు."